ఒక్క పూట బతికే కల్లు

ఫ్యాక్టరీ లేదు. బాయిలర్‌ లేదు. సీసా లేదు, దానిమీద లేబుల్‌ అంతకన్నా లేదు. యాభై అరవై అడుగుల ఎత్తున, తాటాకుల కింద వేలాడే కుండే అక్కడి బట్టీ. హైదరాబాద్‌-విజయవాడ రహదారి మీద చౌటుప్పల్‌ చుట్టుపక్కల, దారినపోయేవాళ్లతో బండి ఆపించే తాటికల్లు కథ ఇది. దాన్ని దించేందుకు రోజుకు రెండుసార్లు ప్రాణాన్ని తాడుకు కట్టుకునే మనిషి కథ కూడా!

ఎల్బీనగర్‌ దాటి, హయత్‌నగర్‌ దాటి, రామోజీ ఫిల్మ్‌సిటీ వెనకపడ్డాక బస్సు వేగం అందుకుంటుంది. ఇంకాసేపటికి చౌటుప్పల్‌. హైదరాబాద్‌ నుంచి యాభై కిలోమీటర్లు ఉంటుందంతే. కిటికీ పక్క సీటు దొరికినవాళ్లు అక్కడ ఓసారి సెల్‌ఫోన్‌ పక్కనపెట్టి బయటికి చూడాలి. నెర్రెలిచ్చిన చెలకలు, అక్కడో రాళ్లగుట్ట, ఇక్కడో వెంచర్‌ బోర్డు. వాటి మధ్య గెట్ల వెంబడి నిటారుగా తాళ్లు. తాళ్లంటే కట్టేసే తాళ్లు కాదు, తాటిచెట్లు. నల్లగొండవాళ్ల నోట తాటిచెట్టు ‘తాడు’ అయిపోతుంది.

ఆ చెట్లలో ఏదో ఒకదానికి సగం ఎత్తున ఓ మనిషి అతుక్కుని కనిపిస్తాడు. చెట్టు మొదట్లో ఓ కారు, రెండు బైకులు ఆగి ఉంటాయి. పక్కన నలుగురైదుగురు మెడలు వెనక్కి వంచి పైకి చూస్తుంటారు. ఆకలిగొన్న పిల్లలు వంటింటి గుమ్మంలో నిలబడ్డట్టు ఉంటుంది వాళ్ల వాలకం.

వాళ్లు ఎదురుచూస్తున్నది కల్లు కోసం. ఊళ్లో దుకాణం ఉండగా చెట్టు కిందికే ఎందుకు రావడం? ఎందుకంటే చెట్టు దిగిన క్షణం నుంచి కల్లు వయసు మీద పడుతూనే ఉంటుంది. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి ఇంచుమించు వెనిగర్‌. బీరులాగా సీసాలో పోసి లారీకెక్కిస్తామంటే కుదరదు. తాగాలనుకున్నవాడే చెట్టు దగ్గరికి రావాలి.

నీళ్లు చేదైన నేల

ఇది ఎడారి కాదు. కానీ సాగునీటి సంగతి ఎత్తితే ఎడారికి పెద్ద దూరం కూడా కాదు. నాగార్జునసాగర్‌ ఈ జిల్లా కొసన కట్టిందే. ఆ నీళ్లు కిందనున్న మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌ వైపు పచ్చదనం పరిచాయిగానీ ఎత్తున ఉన్న చౌటుప్పల్‌, మునుగోడు మెట్టకు ఎక్కలేదు. ఇక్కడివాళ్లకు దిక్కు చెరువు, లేదంటే బోరు. ఆ బోర్లలోంచి నీళ్లతోపాటు ఫ్లోరైడ్‌ కూడా వచ్చింది. పళ్లు గారపట్టి, కాళ్లు వంకరపోయి, నడివయసుకే నడుములు వంగిపోయిన మనుషులు ఊరూరా కనిపించేవాళ్లు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేసిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గెలుద్దామని కాదు, తమ నీళ్ల గోస దేశానికి వినిపించాలని వేసిన నామినేషన్లవి. బ్యాలెట్‌ పత్రం కాస్తా పుస్తకమైంది. మిషన్‌ భగీరథ పథకానికి 2015లో చౌటుప్పల్‌లోనే పైలాన్‌ నిలబెట్టడం వెనక ఈ చరిత్రంతా ఉంది.

అలాంటి నేలమీద ఎవరూ నీళ్లు పొయ్యకుండా, ఎరువు వెయ్యకుండా బతికే చెట్టు తాడు. వేళ్లు లోతుకు పోతాయి. వాన రెండేళ్లు మొహం చాటేసినా తట్టుకుంటుంది. అంతటి కరవులోనూ రోజూ కుండెడు తియ్యటి రసం ఇస్తుంది. పక్కన బోరు ఎండిపోయినా చెట్టుమీది కుండ నిండుతుంటే, అది కాటమయ్య చలవేనని గౌడ్లు నమ్మారంటే నమ్మరూ మరి! వాళ్ల కులదైవం కాటమయ్య. కంఠమహేశ్వరుడన్నా ఆయనే. ఎల్లమ్మతోపాటు ఆయనకూ మొక్కనిదే చెట్టు జోలికి వెళ్లరు.

కుండలో ఏం జరుగుతుంది?

కల్లు గియ్యడమంటే చెట్టుకు గాటుపెట్టి కుండ కట్టడమేనని పట్నంవాళ్లు అనుకుంటారు. అంత తేలికైతే అందరూ గీసేవాళ్లే.

తాటిచెట్టుకు రసం వచ్చేది పూలగెల నుంచి. మగచెట్టును ‘పోతుతాడు’ అంటారు. కాయ కాసేది ‘పండుతాడు’. గెల లేతగా ఉన్నప్పుడే దాన్ని మెల్లగా నలిపి, తాడుతో బిగించి, కొసను పల్చటి పొరలా కోస్తారు. ఒకరోజు కోస్తే రసం రాదు. అలా రోజూ నలుపుతూ, కోస్తూ ఉంటే కొన్నాళ్లకు గెల చెమర్చడం మొదలుపెడుతుంది. అప్పుడు దానికి లొట్టి కడతారు. ఆ తర్వాత పొద్దున, సాయంత్రం ఎక్కి కొసను మళ్లీ కాగితమంత మందాన గీయాలి. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది, కొయ్యకుండా వదిలేస్తే రసం వచ్చే దారి మూసుకుపోతుంది. పండగైనా, జ్వరమొచ్చినా చెట్టు ఆగదు. ఇంట్లో పాడి ఉన్నవాళ్లకు ఈ బాధ అర్థమవుతుంది. ఒక్కపూట పాలు పితక్కపోతే బర్రె ఊరుకుంటుందా?

ఈతచెట్టు తీరు వేరు. దాన్ని గెల దగ్గర గియ్యరు, మొవ్వు కింద కాండాన్నే చెక్కుతారు. ఓ ఏడాది ఒకవైపు చెక్కితే మరుసటి ఏడాది రెండోవైపు. అందుకే పాత ఈతచెట్టు కాండం మెట్లుమెట్లుగా, వంకరటింకరగా కనిపిస్తుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఆ చెట్టు ఎన్నేళ్లు కల్లిచ్చిందో తెలిసిపోతుంది. చలికాలం ఈతకల్లుది, ఎండాకాలం తాటికల్లుది. రెండింటిలో ఏది గొప్పన్న వాదన మాత్రం ఏ చెట్టు కిందా తెగదు.

గెల నుంచి కారే రసంలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర. అప్పుడది కల్లు కాదు, నీరా. కానీ లొట్టిలోకి దిగీదిగగానే దానిమీద దాడి మొదలవుతుంది. గాల్లోంచి, తేనెటీగల కాళ్లనుంచి, అన్నిటికన్నా ముఖ్యంగా నిన్నటి కల్లు తడి ఇంకా ఆరని కుండ గోడలనుంచి వచ్చే ఈస్టు, బ్యాక్టీరియా ఆ చక్కెరను తినడం మొదలెడతాయి. బీరు తయారీదారులు వేలకు వేలు పోసి కొనే ఈస్టు ఇక్కడ పాతకుండతోనే వస్తుందన్నమాట. వేసవిలో ఈ పని మరీ వేగం. చెట్టుమీద ఉండగానే నురగ పొంగుతుంది. కొన్ని గంటల్లో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లకు చేరుతుంది. అంటే సుమారుగా బీరుతో సమానం. మరో రోజు గడిస్తే ఇంకో రకం బ్యాక్టీరియా రంగంలోకి దిగి ఆల్కహాలును ఆసిటిక్‌ ఆమ్లంగా మారుస్తుంది. పులుపు ముదిరి గొంతు దిగదు.

ఈ పని చేసే సూక్ష్మజీవుల్లో జైమోమోనాస్‌ అనే బ్యాక్టీరియా ఒకటుంది. పాల్‌ లిండ్నర్‌ అనే జర్మన్‌ శాస్త్రవేత్త 1920లలో మెక్సికో వెళ్లి అక్కడి ‘పుల్కే’ అనే పానీయంలో దాన్ని పట్టుకున్నాడు. పుల్కే అంటే మెక్సికోవాళ్ల కల్లే. ఎండు మైదానాల్లో పెరిగే కిత్తనార జాతి మొక్క మధ్యలో తొలిస్తే ఊరే రసం అది. దానిదీ ఇదే కథ. నిలవ ఉండదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో రైళ్లు రోజూ పొద్దున్నే తాజా పుల్కేను మెక్సికో నగరానికి మోసుకెళ్లేవి. ఆ తర్వాత సీసాల్లో బీరొచ్చింది. రాజ్యమేలిన పుల్కే మూలకు చేరింది. వేల మైళ్ల దూరానున్న రెండు మెట్టప్రాంతాల మనుషులకు ఒకటే బ్యాక్టీరియా, ఒకటే బెంగ!

బండి ఆగిందంటే...

ఊళ్లో కల్లు అమ్మే చోటును ‘మండువ’ అంటారు. అదో సభ. పంట ధర, పెళ్లి సంబంధం, సర్పంచ్‌ ఎన్నిక... అన్నీ అక్కడ తేలతాయి. రహదారి పక్కన చెట్టుకింది మండువ మాత్రం వచ్చిపోయేవాళ్లది. విజయవాడ వెళ్లే ఉద్యోగి, సూర్యాపేట పెళ్లికెళ్లి వస్తున్న కుటుంబం, పోచంపల్లిలో చీరలు కొనడానికి బయల్దేరి దారితప్పిన దంపతులు, ఊరి కల్లు రుచి మర్చిపోలేక ఏడాదికోసారైనా వెతుక్కుంటూ వచ్చే అమెరికా అల్లుళ్లు.

గ్లాసులుంటాయి. కానీ తెలిసినవాళ్లు గ్లాసు అడగరు. రేకు పడతారు. లేత తాటాకును దొన్నెలా మడిచి, రెండు చేతులా పట్టుకుని నోటికి ఆనించుకుంటే గౌడు పైనుంచి లొట్టి వంచుతాడు. కల్లుకు తాటాకు పచ్చివాసన తోడవుతుంది. అలవాటులేనివాళ్లకు సగం నోట్లోకి, సగం చొక్కామీదికి. “తమ్మీ, ఇది పొద్దటిది. పొద్దెక్కినంక ఒస్తే పులుస్తది” అని ముందే చెప్పే గౌడన్నలూ ఉంటారు. సరుకు లోపాన్ని అమ్మేవాడే చెప్పే వ్యాపారాలు మనదగ్గర ఇంకెన్ని మిగిలాయో చూడాలి. నంజుకోడానికి ఉడకబెట్టిన గుడాలు. శెనగలో, బొబ్బర్లో, పైన ఇంత ఉల్లిపాయ. వేసవిలో పిల్లలకు ముంజలు. అయితే ముంజలకూ కల్లుకూ పడదు. ఆడచెట్టు గెలను గీస్తే అది కాయ కట్టదు. ఏ చెట్టును ముంజలకు వదలాలి, ఏ చెట్టుకు లొట్టి కట్టాలన్నది ఆ ఏటి లెక్కనుబట్టి ఉంటుంది.

ఒకప్పుడు ఇది తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు 65. రెండు వరుసలున్న రోజుల్లో చెట్టు రోడ్డుమీదికే వంగి ఉండేది, దిగి నాలుగడుగులు వేస్తే మండువ. 2012లో నాలుగు వరుసలయ్యాక మధ్యలో డివైడర్‌ వచ్చింది, బండ్ల వేగం పెరిగింది, పక్కనున్న చెట్లు చాలా పోయాయి. చౌటుప్పల్‌ పక్కనే పంతంగి దగ్గర టోల్‌గేటు వెలిసింది. సంక్రాంతికి ముందు మూడురోజులు టీవీల్లో కనిపించే కిలోమీటర్ల పొడవు కార్ల బారు అదే. విచిత్రమేంటంటే ఆ ట్రాఫిక్‌జామే కొందరికి కల్లు గుర్తు చేస్తుంది. ఎలాగూ కదలం కదా అని సర్వీసు రోడ్డులోకి బండి తిప్పేస్తారు.

ఇక్కడో మాట చెప్పుకోకపోతే తప్పు. ‘కల్లే కదా, ఏమవుతుంది’ అనుకుని తాగి స్టీరింగ్‌ పట్టేవాళ్లు తక్కువేం కాదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలుంటే అది నేరం. ఊదే యంత్రానికి కల్లా, బీరా అన్న తేడా తెలీదు. ఎదురుగా వచ్చే లారీకి అసలే తెలీదు. నలుగురు దిగిన కారులో నడిపేవాడు గుడాలతో సరిపెట్టుకుంటేనే ఆ ప్రయాణం ఇంటిదాకా సాగుతుంది.

దూరం పెరిగితే విషం

చెట్టు దగ్గరికి రాలేనివాళ్ల సంగతి? నగరంలో ఉంటూ కల్లు కావాలనుకునే లక్షలమంది మాటేమిటి? కల్లుకు సంబంధించిన అసలు విషాదం ఇక్కడే ఉంది.

హైదరాబాద్‌ పెరిగింది. చుట్టూ ఉన్న తాళ్లు, ఈతలు తగ్గాయి. తాగేవాళ్లు మాత్రం తగ్గలేదు. చెట్లు ఇచ్చే కల్లుకూ దుకాణంలో అమ్ముడయ్యే కల్లుకూ పొంతన లేకుండా పోయింది. ఆ ఖాళీని నీళ్లు, చక్కెర, శాకరిన్‌ పూడ్చాయి. మరి మత్తు? దానికి క్లోరల్‌ హైడ్రేట్‌, డైజెపామ్‌, ఆల్ప్రజోలామ్‌! నిద్రమాత్రల్లో వాడే మందులవి. 2004లో అప్పటి ప్రభుత్వం నగరంలోని కల్లు దుకాణాల్ని మూసేసింది. తెలంగాణ వచ్చాక 2014లో అవి మళ్లీ తెరుచుకున్నాయి. గీత కుటుంబాలు సంతోషించాయి. కానీ చెట్ల లెక్క మారలేదుగా!

2015 సెప్టెంబరులో కల్తీకల్లుమీద అధికారులు గట్టిగా దాడులు చేశారు. వెంటనే నిజామాబాద్‌, మహబూబ్‌నగర్‌ జిల్లాల ఆసుపత్రులకు జనం వరుసకట్టారు. కల్తీకల్లు తాగి కాదు, అది దొరక్క! ఒళ్లంతా వణుకు, మూర్ఛలు, మతిచలించినట్టు ప్రవర్తన. కొందరి ప్రాణాలూ పోయాయి. కల్లు తాగుతున్నామనుకుని వాళ్లు ఏళ్లతరబడి తాగింది మత్తుమందని, శరీరం దానికి బానిసైపోయిందని అప్పుడుగానీ బయటపడలేదు. మానడం కూడా ప్రాణాంతకమయ్యేంతగా! పదేళ్ల తర్వాత 2025 జులైలో హైదరాబాద్‌ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగినవాళ్లు కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు తిరిగిరాలేదు. ఎక్కువమంది రెక్కాడితేగానీ డొక్కాడనివాళ్లే.

కల్తీని కంటితో, నాలుకతో పట్టుకోవడం కష్టం. ప్రయోగశాల చెప్పాల్సిందే. నురగ చూసి చెబుతాం, రంగు చూసి చెబుతాం అనేవాళ్ల మాట నమ్మలేం. మామూలు మనిషికి ఉన్న ఆనవాలు ఒక్కటే, చెట్టు కనబడాలి. గౌడు ఎక్కడం, లొట్టి దించడం కళ్లముందు జరగాలి. చౌటుప్పల్‌ దారిలో మెడలు వెనక్కి వంచి నిలబడేవాళ్లు ఊరికే నిలబడరు.

మోకు మీద బతుకు

చెట్టెక్కే సరంజామా చూస్తే చాలా తక్కువ. నడుమును, చెట్టును కలిపి చుట్టే మోకు. పాదాలకు తగిలించుకునే గుజి. నడుముకు కట్టుకునే ముత్తాదు. దానికి వేలాడే కత్తులు. మోకును జానెడు పైకి విసరడం, పాదాల్ని పైకి లాక్కోవడం, మళ్లీ మోకు విసరడం... అంతే. చూసేవాళ్లకు నిచ్చెనెక్కినంత సులువుగా కనిపిస్తుంది. వాన తడికి కాండం జారినా, మోకు తెగినా, ఆకుల్లో దాగున్న తేనెతుట్టె కదిలినా అరవై అడుగుల కింద ఉన్నది రాళ్లనేల. ఏటా ఎందరో గీత కార్మికులు ఇలాగే పోతున్నారు. పోనివాళ్లలో వెన్ను విరిగి మంచానికి అతుక్కున్నవాళ్లు గ్రామానికొకరైనా కనిపిస్తారు. చనిపోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ డబ్బు సమయానికి చేతికందడం లేదన్నది సంఘాల పాతగోడు.

పడకుండా చూడటం ఎలా? పర్వతారోహకులు వాడే తాళ్లు, బెల్టులు తాటిచెట్టుకు ఎందుకు పనికిరావన్న ఆలోచన ఆలస్యంగానైనా వచ్చింది. జారితే మనిషిని గాల్లోనే ఆపేసే ఆ కిట్‌కు ‘కాటమయ్య రక్షణ కవచం’ అని పేరుపెట్టారు. 2024 జులై 14న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి అబ్దుల్లాపూర్‌మెట్‌ మండలం లష్కర్‌గూడలో వీటి పంపిణీ మొదలుపెట్టారు. అది కూడా ఈ విజయవాడ దారి మండలమే. చిన్నప్పటినుంచి మోకుతోనే ఎక్కినవాళ్లకు కొత్త పరికరం మొదట్లో బరువే. రోజుకు పదిచెట్లు ఎక్కే మనిషికి చెట్టుకు ఐదు నిమిషాలు ఎక్కువ పట్టినా పూటకు గంట పోతుంది. ఎండెక్కేకొద్దీ కల్లు పులుస్తుంది. అయినాసరే తగిలించుకోవాల్సిందేనని ఇంట్లో ఆడవాళ్లు పట్టుపడితేగానీ అది గోడ మేకు దిగదు.

ఈ వృత్తిలో ఎత్తునుంచి పడే భయం ఒక్కటే కాదు, కిందనున్నవాళ్ల భయమూ ఉండేది. నిజాం కాలంలో చెట్టు గీసేవాడిది కాదు. ఆబ్కారీ గుత్తేదారుది. దొరగారింటికి కల్లు వెట్టిగా పోయాల్సిందే. చెట్టెక్కినవాడికి మిగిలేది అరిచేతుల కాయలు, గుండెమీద మోకు రాసుకున్న గీతలు. తెలంగాణ సాయుధపోరాటంలో గీత కార్మికులు అంతమంది కలిశారంటే కారణం వెతకక్కర్లేదు. సూర్యాపేటలో పుట్టిన బొమ్మగాని ధర్మభిక్షం ఆ పోరాటంలోంచి వచ్చినవాడే. ‘గీసేవాడికే చెట్టు’ అంటూ గుత్తేదారుల్ని పక్కకు తప్పించి, కార్మికుల సహకార సంఘాలకే చెట్లు ఇవ్వాలని ఉద్యమం నడిపాడు. ఇప్పుడు కల్లమ్మే లైసెన్సులు సహకార సంఘాలకూ, సొంతంగా చెట్టు గీసుకునే కార్మికులకూ ఉన్నాయంటే దాని వెనక అలాంటి వాళ్లు ఎందరో ఉన్నారు. 480 మంది పోటీపడిన ఆ 1996 ఎన్నికలో నల్లగొండ నుంచి గెలిచింది ధర్మభిక్షమే. నీళ్లకోసం జనం ఎక్కుపెట్టిన ఎన్నికలో కల్లుగీత నాయకుడు గెలిచాడు!

మనవడి కోసం నాటే చెట్టు

చెట్టు గీసేవాడికి దక్కింది. ఇప్పుడు చెట్టే దక్కకుండా పోతోంది. 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో కలిసిన చౌటుప్పల్‌ ఇప్పుడు నగరానికి పెరడు. పక్కనే దండుమల్కాపురంలో 2019లో పారిశ్రామిక పార్కు మొదలైంది. రోడ్డుకు రెండుపక్కలా ప్లాట్ల రాళ్లు. గెట్టు చెరిపి చదును చేస్తే మొదట పోయేది గెట్టుమీది తాడే. పొలం అమ్మినవాడికి డబ్బొస్తుంది, కొన్నవాడికి ప్లాటొస్తుంది. ఆ గెట్టుమీద పదేళ్లుగా మోకు వేసినవాడు మాత్రం ఆ లెక్కలో ఎక్కడా ఉండడు.

పోయిన చెట్టుకు బదులు ఇంకోటి నాటితే సరి అనిపిస్తుంది. హరితహారంలో ఈత, తాటి మొక్కలు నాటించారు కూడా. కానీ తాటిది మన తొందరకు లొంగే నడక కాదు. పూత పట్టడానికే పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు. అప్పటిదాకా అది పోతుతాడో, పండుతాడో కూడా తెలీదు. ఇవాళ నాటినవాడు ఎక్కలేడు. కొడుకు ఎక్కాలి, లేదా మనవడు. ఆ కొడుకులు పొరుగునున్న కంపెనీల్లో పనికి వెళ్తున్నారు, క్యాబ్‌లు నడుపుతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. చెట్టెక్కి పడిపోయిన తండ్రినో, బాబాయినో చూసినవాళ్లు. 2021లో మద్యం దుకాణాల కేటాయింపులో గౌడ్లకు 15 శాతం రిజర్వేషన్‌ వచ్చింది. కల్లును మూలకు నెట్టిన సీసానే అమ్ముకునే హక్కు. ఎదిగినవాళ్లకు అది దారి కావచ్చు. మోకు మోసేవాడికి లక్షల లైసెన్సు ఫీజు కట్టే తాహతెక్కడిది?

ఇంకో దారి నీరా. కుండ లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుందని తాతలకూ తెలుసు. కొత్తగా వచ్చింది చల్లదనం. చెట్టుమీదే మంచుపెట్టెలో రసాన్ని పట్టి, సూర్యుడు రాకముందే దించి, నాలుగు డిగ్రీల చలిలో ఉంచి నగరానికి చేర్చడం. 2023 మే 3న హైదరాబాద్‌ నెక్లెస్‌ రోడ్డులో నీరా కేఫ్‌ తెరుచుకుంది. ట్యాంక్‌బండ్‌ గాలికి కూర్చుని మత్తులేని తాటిరసం తాగడం పిల్లలకూ కుదిరింది. దానికోసం నీరా సేకరణకు ఎంచుకున్నచోట్లలో భువనగిరి దగ్గరి నందనం, చౌటుప్పల్‌కు దగ్గర్లోని సర్వేల్‌ ఉన్నాయి. ఆలోచన బాగుంది. కాకపోతే గొలుసులో ఒక్క కొక్కెం వేడెక్కినా నీరా కాస్తా కల్లయిపోతుంది. ఫ్రిజ్‌ బండికి డీజిలుండాలి, కరెంటుండాలి, కొనేవాడు రోజూ రావాలి. చెట్టుకింద అమ్మే గౌడుకు ఇవేవీ అక్కర్లేదు. దారినపోయేవాడు బ్రేకు వేస్తే చాలు.

ఆదివారం సాయంత్రం నాలుగు దాటింది. పంతంగి టోల్‌గేటు దగ్గర నగరానికి తిరిగెళ్లే కార్లు అప్పుడే బారుకడుతున్నాయి. చెట్టుకింద ఆగిన కారులోంచి పిల్లాడు దిగి పైకి చూసి, “అంకుల్‌ ఎలా ఎక్కాడు నాన్నా” అంటున్నాడు. మండువ దగ్గర లొట్లన్నీ ఖాళీ. తండ్రి తొందరపడి హారన్‌ కొట్టాడు. పైనున్న గౌడు ఒకచేత్తో గెల పట్టుకుని, కత్తి ఉన్న చేతిని కిందికి ఊపాడు, ఆగమన్నట్టు. కొస ఇంకో పొర తియ్యాలి. రాత్రంతా కారాలిగా!